ఇసుర్రాయి ఆపిన వేళ

నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తింట్లో ప్రార్థనకు రెండు వేళలుండేవి. తెల్లవారి పొయ్యి వెలిగించే ముందు ఒకటి, సాయంత్రం దీపం పెట్టాక ఒకటి. ఇబ్రహీంపట్నం చెరువు కింద మా ఊరు. మా వాడలో కొన్ని ఇళ్లవాళ్లం క్రైస్తవులం. ఆదివారం పాస్టరు సైకిలు మీద వచ్చి ఆరాధన జరిపించేవాడు. మిగతా రోజుల్లో మా ఇంటి ప్రార్థన మా అత్త నడిపేది. ఆమెకు చదువు రాదు. పరలోక ప్రార్థన, నాలుగు కీర్తనలు విని నేర్చుకుంది. మిగతాదంతా దేవుడితో మాట్లాడటమే.

దొరల మీద సంఘం పోరాటం మొదలైంది. సంఘంవాళ్లను పట్టుకోవడానికి నిజాం పోలీసులొచ్చి మా ఊరి దొర కోటలాంటి గడిలో దిగారు. దాంతో ఆ రెండు వేళలూ పోయాయి. దారిలో భయమని పాస్టరు రావడం మానేశాడు. పోలీసుల రొట్టెలకు జొన్నలు విసిరే పని మా వాడ ఆడవాళ్ల మీద పడింది. కూలి లేదు, వెట్టి. తెల్లవారకముందే గడికి పోయేవాళ్లం, పొద్దుగూకాక వచ్చేవాళ్లం. ఒక సాయంత్రం ప్రార్థనకని మోకాళ్లూనిన అత్త మొదటి మాటకే తల నేలకానించి నిద్రపోయింది. నేనూ, మా ఆయనా లేపి పడుకోబెట్టాం.

పొద్దున గడి దారిలో నాతో అంది: "నా నిద్రమొకం సూసేటందుకా దేవుడున్నది? పొద్దు ఉన్నప్పుడే యాల చూసుకోవాలె."

పగలంతా గడిలోనే ఉంటామాయె, పగలు వేళ ఎక్కడుంటుందని నేననుకున్నాను. ఆమె నేరుగా మా పని చూసే పోలీసు జమేదారు దగ్గరికి పోయి, మధ్యాహ్నం కాసేపు ప్రార్థన చేసుకోనిమ్మని అడిగింది. పని ఆగడానికి వీల్లేదని అతను కసిరి పంపాడు. ఆమె వచ్చి నాకెదురుగా కూర్చుని ఇసుర్రాయి పిడి పట్టుకుంది.

మధ్యాహ్నం దాటాక జమేదారు బావి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, వసారాలో చాప పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు. అత్త అటు చూసింది. పిడి వదిలేసింది. చేతుల పిండి కొంగుకు తుడుచుకుని, అక్కడే ఆ పిండి దుమ్ములోనే మోకాళ్లూనింది. రాయి ఇద్దరు తిప్పితేనే తిరుగుతుంది, కాబట్టి నా చేతులూ ఆగాయి. మమ్మల్ని చూసి మిగతావాళ్లూ ఆపారు. రాళ్ల చప్పుడు లేక గడి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

జమేదారు నమాజు ముగించి, కర్ర తీసుకుని వచ్చాడు. ఎవరు ఆపమన్నారని అడిగాడు. అత్త వెంటనే లేవలేదు. ఆమెన్ అని, అప్పుడు తలెత్తింది.

"మీరు నమాజుకు లేస్తిరి సాబ్, నేను మోకాళ్లేసిన. మీరు చాప మడిచిండ్రు, నేను లేస్తున్న. పిండి తక్కువైతే అప్పుడడుగుండ్రి."

అతను ఆమెనూ, పిండి కుప్పనూ చూశాడు. పొద్దుగూకేసరికి పిండి పూర్తిగా ఉండాలని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ రోజు నుంచి అతను చాప పరిస్తే అత్త పిడి వదిలేది. నేనూ పక్కనే మోకాళ్లూనేదాన్ని. పక్క రాయి దగ్గరామె మా మతం కాదు. ఆ కాసేపూ కాళ్లు చాపుకుని కూర్చుని, మీ దేవుని పుణ్యాన నా రెక్కలు నిలుస్తున్నాయి అక్కా అని అత్తతో అనేది. ఆగినంత పనినీ అత్త తర్వాత విసురు పెంచి తీర్చేది. పిండి తక్కువైందన్న మాట ఒక్కనాడూ రానియ్యలేదు.

సంఘంలో చేరి అడవుల్లో తిరిగే మా వాడ మగవాళ్ల కోసం, పాస్టరు కోసం ఆమె ప్రార్థించేది. ఆ పిండి తినేవాళ్ల కోసం కూడా ప్రార్థించేది. అది నాకు మింగుడుపడలేదు. మనల్ని ఇట్లా అరగదీసేవాళ్ల కోసం ఎందుకని ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఆల్ల మనసు మారాలంటే ఇంకెవరినడగాలె బిడ్డా?" అంది. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

తర్వాత నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది. గడిలోని పోలీసులు ఒక్క పూటలో ఖాళీ చేసి పోయారు. జమేదారు ఎటు పోయాడో మాకు తెలియలేదు. మిగిలిన పిండిని వాడంతా పంచుకున్నాం. పాస్టరు మళ్లీ రాసాగాడు. మా వాడకు వెట్టి తప్పింది. ఏళ్లుగా దున్నే తీరిక లేక పడావు పడ్డ మా మెట్ట చెల్కలో మరుసటి వానాకాలం జొన్న వేశాం.

కోతల్లో పని గడిలోకంటే ఎక్కువైంది. సొంత పని కదా, ఎవరూ ఆగమనరు. ఒక మధ్యాహ్నం చెరువు వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కోసిన కట్టలు చేనంతా పడి ఉన్నాయి. అత్త ప్రార్థన వేళైందని కొడవలి కింద పెట్టింది. మా ఆయనకు కోపమొచ్చింది.

"అవ్వా, వానొస్తున్నది. ఇయ్యాల ఇంటికాడ చేసుకుందువు తియ్యి."

"ఆల్ల పని ఆపి చేసిన. మన పని ఆపి చెయ్యొద్దా? గప్పుడు కర్రకు భయపడలే, గిప్పుడు మబ్బుకు భయపడాల్నా?"

ఆమె మోకాళ్లూనింది. నేను ఇద్దరి మధ్యా ఒక్క క్షణం నిలబడి, ఆమె పక్కన కూర్చున్నాను. మా ఆయన ఒక్కడే కట్టలు మోశాడు. మేం లేచి చేయందుకున్నాక కూడా అన్నీ గుడిసె చేరలేదు. వాన పడింది. కొన్ని కట్టలు నానిపోయాయి. ఆ సాయంత్రం మా ఆయన నానిన కట్టలను ఒక్కడే గట్టు మీదికి చేర్చాడు.

మరునాడు తడిసిన కట్టలు విప్పి గట్టు మీద ఆరబెట్టాం. మధ్యాహ్నం అత్త మళ్లీ మోకాళ్లూనింది, నేనూ పక్కన చేరాను. మా ఆయన కాసేపు జొన్న వెన్నులు తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత నీడకు పోయి, తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని, మేం లేచేదాకా కదలకుండా కూర్చున్నాడు. మోకాళ్లు ఊనలేదు. పని మాత్రం ఆపాడు.