కంబన్న దప్పిక

మతి తప్పిన మనిషికి తెలివి తెప్పించినవాళ్లు, ఆ తెలివితో అతడు అడిగినదాన్ని కాదనవచ్చా? ఓబులమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు.

ఓబులమ్మది కల్లూరు. ఎండాకాలమంతా బండ్ల దారి పక్కన తాటాకు పందిరి వేసి చలివేంద్రం నడిపేది. దప్పికతో వచ్చినవాణ్ణి ఎవరు, యాడివాడు అని అడిగేది కాదు. ముందు నీళ్లు, తర్వాతే మాట.

1958 వేసవిలో ఆమె భర్త కంబన్న మాట తడబడింది. అప్పటికే ఏడాదిగా దగ్గు, మనిషి సగమయ్యాడు. ఇప్పుడు పట్టపగలు దీపం పెట్టమంటాడు, ఎప్పుడో చచ్చిన ఎర్రెద్దును మేతకు తోలమంటాడు. ఎండ తలకెక్కిందనుకుంది ఓబులమ్మ. ఆ నేల మీద పుట్టినవాళ్లు ఎవరైనా అదే అనుకుంటారు. చెంబు మీద చెంబు తాగించింది. తాగించేకొద్దీ అతని మతి ఇంకా చెదిరింది. ఒకనాడు ఆమె మొహంలోకి చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

బండి కట్టించి కర్నూలులో ఒక మిషన్ ఆసుపత్రికి చేర్చింది. డాక్టరు గాబ్రియేలు ఛాతీకి ఎక్స్‌రే తీయించి, రక్తం తీసి పరీక్షకు మద్రాసు పంపాడు. జవాబు రాగానే ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఊపిరితిత్తిలో కేన్సరు గడ్డ ఉందమ్మా. దాన్ని తీసేయడం మా వల్ల కాదు. ఈ మతి తప్పడం కూడా ఆ గడ్డ వల్లే. తాగిన నీళ్లు బయటికి పోకుండా ఒంట్లోనే నిలిచిపోతున్నాయి. అందుకే రక్తంలో ఉప్పు పలచబడింది. నీళ్లు తగ్గిస్తే తెలివి రావచ్చు. రోజుకు రెండు గ్లాసులే ఇవ్వు."

"అయితే నేను తాగిచ్చిన నీళ్లేనా సామీ..."

"నీకేం తెలుసమ్మా. ఎవరైనా అదే చేస్తారు."

ఆనాటి నుంచి ఓబులమ్మకు కుదురు లేదు. మంచం దగ్గర కూర్చుంటే చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయేది. లేచి వసారాలో తిరిగేది, మళ్లీ వచ్చి తడిగుడ్డతో అతని పెదవులు అద్దేది. తనకు దప్పికైతే గోడ వెనక్కి పోయి తాగి, మూతి తుడుచుకొని వచ్చేది.

"నీళ్లే... రోంత నీళ్లు పొయ్యవే..." అని కంబన్న మూలిగేవాడు.

పక్క మంచం మీది తన కొడుకును చూసుకుంటున్న ఈరక్క ఊరుకోలేదు. "ఏమమ్మీ, దావన పోయేటోళ్లకంతా నీళ్లు పోసినదానివంట. కట్టుకున్నోనికి మాత్రం కడవకు మూత పెడితివే!"

"డాక్టరయ్య చెప్పినాడక్కా."

"ఆయప్ప చెప్తాడు. ఎండేది ఆయప్ప గొంతా?"

ఓబులమ్మ మళ్లీ వసారాలోకి పోయింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున కంబన్న నిమ్మళంగా పిలిచాడు. "ఓబులమ్మా, ఎర్రెద్దు చచ్చి శానా దినాలైంది కదా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయింది మామా. నన్ను కూడా ఎవరమ్మా నువ్వంటివి."

"అనకేం జేస్తా? అడిగినా నీళ్లియ్యని ఆడది మా ఇంట్లో యాడుండాది!"

ఆ రోజంతా మాట్లాడుకున్నారు. మర్నాడు, డాక్టరు ఏమన్నాడో దాచకుండా చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. కంబన్న ఆమె వైపు తిరిగాడు.

"గడ్డ పోదు. తెలివి ఉండాలంటే నోరెండాల. అంతే కదా?"

"అంతే."

"నీతో మాట్లాడితి, సాలు. ఇంటికి పోదాం పా. కడుపు నిండా నీళ్లు తాగి పోతా."

"తాగితే మళ్లా నన్ను గుర్తుపట్టవు మామా!"

"నువ్వు గుర్తుపడతావు గదా. ఇప్పుడు తెలివితోనే అడుగుతాండా. ఇంగ మూలగలేను."

ఆమె డాక్టరు గది దాకా పోయి తిరిగొచ్చింది. మళ్లీ పోయింది. ఉండమని ఆయన మంచి మాట ఒక్కటి చెబితే తాను ఆగిపోతుంది. ఆగిపోతే కంబన్న మళ్లీ నీళ్లడుగుతాడు, ఈసారి ఎవరిని అడుగుతున్నాడో తెలిసి అడుగుతాడు.

మధ్యాహ్నం డాక్టరు భోజనానికి పోయినప్పుడు జట్కా పిలిపించింది. ఈరక్క ఒక పక్క పట్టుకోగా కంబన్నను ఎక్కించింది.

"డాక్టరయ్యకు ఒక మాట చెప్పి పోవే!" అంది ఈరక్క.

ఓబులమ్మ అతని తలను ఒడిలోకి సర్దుకుంటోంది. సర్దుకుంటూనే జట్కావాణ్ణి పోనిమ్మంది. జట్కా గేటు దాటి కల్లూరు వైపు తిరిగింది.