శుక్రవారం నీలం అంగీ

ప్రేమ సంగతి తెలియాలంటే పదో తరగతి క్లాస్‌మేట్లను చూడాలి. చూశాక ఆ జోలికి పోబుద్ధి కాదు. మా క్లాసులో ఒకడు, ఒకతె ప్రేమించి పెళ్లాడారు. లెక్కల సారు వాళ్ల మీదికి బెత్తం విసిరితే అది గాల్లోనే ఆగిపోయేదని ఊరంతా చెప్పుకున్నారు. చెప్పింది నేనే లెండి.

ఇప్పుడు వాడూ నేనూ బహ్రెయిన్‌లో, అస్కర్‌లో ఒకే లేబర్ క్యాంపు. వాడి పని ఎండలో ఇనుప పైపులు మోయడం. ఊళ్లో ఉన్న భార్యకు చెప్పింది మాత్రం ఏసీ ఆఫీసులో సూపర్‌వైజర్ అని. ఇలాంటి అబద్ధాలకు మా క్యాంపులో ఏర్పాట్లు ఘనం. గది మూలన ఒక పరదా, దాని ముందు కుర్చీ, మేకుకు ఇస్త్రీ చేసిన నీలం అంగీ. శుక్రవారం వీడియో కాల్ చేసే ప్రతివాడూ వంతు రాగానే ఆ అంగీ తొడుక్కుని ఆ కుర్చీ ఎక్కుతాడు. కింద లుంగీయే. ఫోన్లో నడుము దాకే కనిపిస్తాం కనుక క్యాంపు నిండా సూపర్‌వైజర్లే.

ఒక శుక్రవారం ఆమె, "మా తమ్మున్ని నీ కింద పెట్టుకో" అంది. వీడు ఫోన్ పెట్టేసి నా మంచం దగ్గరికొచ్చాడు.

"ఆఫీసే లేదని తెలిస్తే ఆమె ముందట నా ఇజ్జత్ ఏమైతదిరా? నువ్వే ఏదన్న చెప్పి ఆపు."

మరుసటి వారం వాడు అంగీ తొడుక్కుని కూర్చున్నాడు. ఫోన్ నేను అందుకున్నాను.

"చెల్లే, మీ తమ్ముడు ఇప్పుడే వద్దు. మాకు వీసాలిచ్చిన కఫీల్ సేటు ఒంటెకు జ్వరం. అది లేచేదాక కొత్త కాయితాల మీద దస్కత్ పెట్టనని ఒట్టేసుకున్నడు."

"పాపం! థర్మామీటర్ ఏడ పెట్టిండ్రు గప్పాలోడా? ఫోన్ ఆయనకియ్యి."

ఇచ్చాను.

"గా అంగికి గుండీ ఊడింది. పోయినవారం మా పక్కింటామె మొగడు గూడ గదే అంగి తొడిగిండు. ఎన్క గదే పరద. గుండీ కుట్టుకోండ్రి."

"మరి మీ తమ్ముడు?" అని నసిగాడు వీడు.

"వాడు రానే రాడు. గట్ల అడిగితెనన్న నీ నోట్లకెళ్లి నిజం వస్తదేమోనని చూసిన. నువ్వేమో ఈ గప్పాలోన్ని ముందట పెడితివి. ఇప్పుడన్న చెప్పు, ఏం పని చేస్తున్నవ్?"

వాడు అంగీ విప్పి, బనియన్‌తో కూర్చున్నాడు.

"పైపులు మోస్త."

"ఎండలనా?"

"ఎండలనే."

"నెత్తికి తువ్వాల చుట్టుకుంటున్నవా లేదా?"

అంతే. ఖలాస్. ఏడుపు లేదు, తిట్లు లేవు. తువ్వాల! ఈ పాటి దానికా నేను ఒక ఒంటెను మంచాన పడేసింది?

అప్పటి నుంచి వాడు సిగ్గు లేకుండా తన మంచం మీదే, బనియన్‌తోనే మాట్లాడుతున్నాడు. చేతుల బొబ్బలు కూడా చూపిస్తున్నాడు. ఆమె కోప్పడితే పళ్లికిలిస్తున్నాడు. చూడలేక చస్తున్నాం.

అంగీకి గుండీ నేనే కుట్టాను. వచ్చే శుక్రవారం నాకు కావాలి. మా ఆవిడ నా క్లాస్‌మేట్ కాదు.