చెరిగిన గీత

మారికుప్పం మైదానంలో హాకీ పోటీ ఉందంటే, గనిలో పని మానుకుని ఏళ్లయిన చిన్నన్న పొద్దున్నే టేపూ సున్నపు డబ్బా పట్టుకుని దిగిపోతాడు. గోలు ముందు అర్ధచంద్రంలా ఉండే గీత ఆయన ప్రాణం. దాని లోపలి నుంచి కొడితేనే గోలు. మూడుసార్లు కొలుస్తాడు, సున్నం దట్టంగా పోస్తాడు, ఆట మధ్యలో ఎక్కడైనా చెదిరితే విరామానికి పరుగెత్తుకెళ్లి మళ్లీ పోస్తాడు. గనుల టోర్నమెంటులో ఇరవై ఒక్క గోల్స్ కొట్టిన రికార్డు ఈనాటికీ ఆయనదే. క్లబ్బు గోడమీద పేరుంది. ఆ ఊసెత్తితే మాత్రం మెడ రుద్దుకుంటూ మాట మార్చేస్తాడు.

ఒక సాయంత్రం నంజుండప్ప టీకొట్టు టీవీలో ఏదో చలిదేశపు మంచు హాకీ వస్తోంది. ఒకడు దూరం నుంచి కొట్టాడు, గోలైంది, పాత రికార్డు బద్దలైంది. జనం టోపీలు విసురుతున్నారు. చిన్నన్న గబుక్కున లేచాడు.

"అంత దూరం నించి కొడితే గోలెట్లిచ్చిరప్పా?"

"ఆ ఆటలో యాడనించి కొట్టినా గోలేనప్పా. మన మాదిరి గీత లేదు," అన్నాడు నంజుండప్ప.

చిన్నన్న టీ గ్లాసు పక్కన పెట్టి మెడ రుద్దుకున్నాడు.

"నా ఇరవై ఒకటోదానికి గీత చెరిగిపోయిండాది, నంజుండప్పా. లోపలుండానో బయటుండానో నాకే తెలీలేదు. అంపైరు నన్నే అడిగినాడు. లోపలేనని చెప్పేసినాను."