మామ్మ కొనిచ్చిన బూట్లు

ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ పొడుగుకాళ్లు అనేవారు. ఆ కాళ్ల పుణ్యమా అని సీటొచ్చింది, హాస్టల్లో మంచమొచ్చింది. పరుగు ఆగిందంటే రెండూ పోతాయి. లాండ్రీలో ఇస్త్రీ చేసే తల్లికి ఆ చదువు చెప్పించే తాహతు లేదు.

పరిగెడితే చాలదు, సేవ కూడా చెయ్యాలన్నది కాలేజీ రూలు. చెయ్యకపోతే పోటీలో దిగే అర్హత లేదు. పైగా సేవ చేసిన చోట ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఆ ఏడాదికి ఆట బంద్. జెర్సీల వీపున సిమెంటు కంపెనీ పేరు వేయించి కాలేజీ పుచ్చుకునేది మాత్రం ఈ లెక్కలోకి రాదు. అదేమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

పొడుగుకాళ్లకు వృద్ధాశ్రమం పడింది. ఆదివారం పొద్దున్నే ముసలివాళ్లకు గోళ్లు తీయడం, పక్కలు దులపడం. కిటికీ పక్క మంచం మీద ఒక మామ్మ ఉండేది, ఒకప్పుడు దర్జీ. నా అన్నవాళ్లు లేరు గానీ నోరు మాత్రం ఊరుకోదు. ఒకరోజు వేడినీళ్ల బకెట్లో కాళ్లు నానబెట్టుకుని, కింద కూర్చున్న పిల్ల బూట్ల వంక చూసింది. అడుగు ఊడి వేళ్లు కనబడుతున్నాయి.

"నా కాళ్లకేం గానీ, నీ కాళ్ల సంగతేంటే?"

"కోచ్‌గారు కొత్తవి ఇప్పిస్తానన్నారు మామ్మా."

"ఎప్పుడు? నేను పోయాకా?"

ఆయాతో బూట్లు తెప్పించింది. పిల్ల వద్దంటే వద్దంది. రూలు సంగతి చెబితే మామ్మ ఆశ్రమమంతా రచ్చ చేస్తుందని భయపడి, అది మాత్రం చెప్పలేదు. మామ్మ అలిగింది. తర్వాతి వారం కాళ్లే ఇవ్వలేదు. చివరికి పిల్ల తొడుక్కుంది. అతికినట్టు సరిపోయాయి. హాస్టల్లో వాటిని తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేది.

పెద్ద పోటీలకు ముందు ప్రిన్సిపాల్, కోచ్ ఫొటోగ్రాఫరును వెంటేసుకుని ఆశ్రమానికి వచ్చారు. మామ్మ మురిసిపోయి ప్రిన్సిపాల్ చెయ్యి పట్టుకుంది.

"మా పిల్ల బూట్లు చూశారా? నేనే కొనిచ్చా! ఇక చూస్కోండి, ఎవరికీ అందదు."

పొడుగుకాళ్లు మంచం వెనక్కి జరిగింది. ప్రిన్సిపాల్ నవ్వుతూనే ఫొటో దిగాడు. మర్నాడు బూట్లు కోచ్ బీరువాలోకి పోయాయి, పిల్ల జట్టులోంచి బయటికి పోయింది. ఏడ్చి కాళ్లావేళ్లా పడింది.

"నీ సంగతి నాకు తెలీదా? కానీ రూలు రూలే," అన్నాడు కోచ్, ఇప్పిస్తానన్న బూట్లు ఇప్పించని ఆ మహానుభావుడు. ఏడాది చివర సీటు కూడా ఉండదన్నాడు. అందాకా శిక్ష కింద ప్రతి ఆదివారం ఆశ్రమానికే పొమ్మన్నాడు.

పోటీలు అయిన ఆదివారం మామ్మ ఎదురుచూస్తోంది.

"గెలిచావా? బూట్లేవే?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ పిల్లకు కడుపు మండిపోతోంది. కోచ్‌ను అనలేనిది, ప్రిన్సిపాల్‌ను అనలేనిది అంతా ఆ మంచం దగ్గర కక్కేసింది.

"నీ నోటివల్లే పోయింది మామ్మా. నా ఆట, నా చదువు, అన్నీ. నువ్వు చేసిన ఉపకారం చాలు!"

మామ్మ మారుమాట్లాడలేదు. ఆవిడ అలా ఊరుకోవడం ఆశ్రమంలో ఎవరూ చూసి ఎరగరు.

తర్వాతి వారం కాలేజీ నుంచి కొత్త పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి నవ్వుతూ బకెట్ తెచ్చి మామ్మ మంచం దగ్గర కూర్చుంది. మామ్మ గబుక్కున కాళ్లు దుప్పట్లోకి లాక్కుంది.

"నా దగ్గరికి రాకు తల్లీ, నీ ఆట పోతుంది."

పక్క మంచం దులుపుతున్న పొడుగుకాళ్లకు ఆ మాట వినబడింది. దులిపిన దుప్పటినే మళ్లీ దులుపుతూ నిలబడింది.