పెద్దమ్మ నీళ్ళు, చిన్నమ్మ బజ్జీలు

పోలీసు చర్య ముగిసిన మరుసటి ఎండాకాలం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సూర్యాపేటలో బస్సులు ఆగేచోట మా పెద్దమ్మ చలివేంద్రం పెట్టి ఊరికే నీళ్ళు పోసేది. పక్కనే ఆమె చెల్లెలు, మా చిన్నమ్మ, మిరపకాయ బజ్జీలు అమ్మేది.

"నాది పుణ్యం, నీది యాపారం" అని పెద్దమ్మ రోజూ దెప్పేది.

"మరి ఇంట్ల పొయ్యి ఎట్ల మండాలె అక్కా?" అని చిన్నమ్మ నవ్వేది.

ఒకరోజు తహసీల్దారు వచ్చాడు. "నీళ్ళు పోసుడు ధర్మం, ఉండనీ. బజ్జీల దుకాణం మాత్రం రేపటికల్లా తియ్యాలె" అన్నాడు. చిన్నమ్మ ముఖం పాలిపోయింది. అయినా, "ఒక్కటి రుచి సూడుండ్రి దొరా" అంటూ ఆకులో బజ్జీ పెట్టి నా చేతికిచ్చింది. అందులో గింజలు తీసెయ్యకుండా వేసిన మిరపకాయ ఉందని నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళి ఇచ్చాను.

ఒక్కసారి కొరికాడో లేదో, ఆయన కళ్ళు చింతనిప్పులయ్యాయి. "నీళ్ళు! నీళ్ళు!" అంటూ చలివేంద్రానికి పరుగెత్తాడు. పెద్దమ్మ చెంబు ముంచింది గానీ పోయలేదు. అందరినీ జైల్లో పెట్టిస్తాడని నేను చిన్నమ్మ వెనక్కి చేరాను.

"మా చెల్లె దుకాణం ఉంటదా, పోతదా దొరా?"

"ఉంటది తల్లీ, ఉంటది! జర పొయ్యి!"

ఆయన వెళ్ళాక, "రోజూ దెప్పుతవ్ గదా పెద్దమ్మా, ఇయ్యాలెందుకు అడ్డంపడ్డవ్?" అని అడిగాను.

"దాని బజ్జీలు లేకుంటే నా నీళ్ళెవరు తాగుతరే?" అంది.

ఇద్దరికీ కావలసింది, దారిన పోయేవాళ్ళు తమ ముందు ఆగడమేనని ఆరోజే తెలిసింది. ఆ తహసీల్దారు ముఖం తలచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వాగదు.