ఉష్ణలేఖిని రాయని వారం

మందుల గిడ్డంగిలో మా అక్కను అందరూ గీతలమ్మ అనేవారు. చల్లగది తలుపు పక్కన గాజు మూత ఉన్న పెట్టె ఒకటి ఉండేది. లోపల గడియారంలా మెల్లగా తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన గళ్ళ కాగితం, దాన్ని ఆనుకుని సన్నని కలం. గదిలో వేడి పెరిగితే కలం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. వారానికొక కాగితం. సోమవారం ఉదయం పాతది తీసి, కొత్తది చుట్టి, కలానికి సిరా చుక్క అందించి, తీసినదాని మూల పొడి సంతకం పెట్టడం ఇరవై రెండేళ్ళుగా అక్క పని.

కొనుగోలు కాగితాల్లో దాన్ని టెంపరేచర్ మీటరు అని రాసేవారు. అక్క అది కొట్టేసి ‘ఉష్ణలేఖిని’ అని దిద్ది పంపేది.

“ఏదైతేనేం తల్లీ, సామాను వస్తే చాలదా?” అని గుమాస్తా విసుక్కునేవాడు.

“మీ ప్రమోషన్ ఆర్డరు పక్క సీటాయన పేరు మీద వస్తే ఊరుకుంటారా?”

ఆ పట్టుదల అంటించింది స్టోర్‌కీపరే. అక్క కొత్తగా చేరినప్పుడు ఆయన పెట్టె ముందు నిలబెట్టి చెప్పాడట: “మాపకం కొలుస్తుంది. దర్శిని చూపిస్తుంది. ఆ రెంటి దగ్గరా నువ్వు ఉండి చూసుకోవాలి. లేఖిని అలా కాదు. నువ్వు ఇంటికెళ్ళి నిద్రపోయినా, ఇక్కడేం జరిగిందో రాసిపెడుతుంది. దానికి మొహమాటం లేదు.” ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి ఆ మాటలు నాకు మూడుసార్లు చెప్పింది. మాకు అన్నల్లేరు. ఆయన్ని ‘అన్నయ్యా’ అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు గుర్తులేదు.

గీతను చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. తలుపు తీస్తే గీతలో పన్నులాంటి చిన్న మొన లేస్తుంది. సరుకు దించుతూ తలుపు బార్లా తెరిస్తే మూపురం లేస్తుంది. “ఈ పెట్టె మా ఇంట్లో మాత్రం పెట్టించకమ్మా, ఎన్నింటికి ఇల్లు చేరానో మా ఆవిడకి రాసిచ్చేస్తుంది” అని ప్యాకింగ్ ఆయన దండం పెట్టేవాడు.

ఒక సోమవారం అక్క వెళ్ళేసరికి డ్రమ్ముకు కొత్త కాగితం చుట్టి ఉంది. పాతది బల్ల మీద ఉంది. “నేనే మార్చేశాలే. పది గంటల బండికి టీకాలు వెళ్ళాలిగా” అన్నాడు స్టోర్‌కీపరు. ముందురోజు కాపలా డ్యూటీ ఆయనది.

అక్క కాగితం తీసుకుని వెలుగులో పట్టుకుంది. గీత చక్కగా ఉంది. రోజుకు రెండు పళ్ళు, పొద్దునొకటి, సాయంత్రమొకటి. కానీ బుధవారం మూపురం లేదు. ఆ రోజు సరుకు దించుతూ పదింటి నుంచి పదిన్నర దాకా తలుపు తెరిచే ఉంది. పెట్టెలు లెక్కపెట్టి లోపల పెట్టించింది అక్కే. బుధవారం ఆయన సెలవులో ఉన్నాడు.

ఆమె చూపు కాగితం మూలకు పోయింది. అక్కడ తన పొడి సంతకం ఉంది. తాను పెట్టనిది.

“అన్నయ్యా, ఇదేంటి?”

ఆయన తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఆదివారం తాళం వేసి, కట్టిస్తున్న ఇల్లు చూసుకోవడానికి వెళ్ళాడట. ఆయన వెళ్ళాక గదిని చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి గది బయటిలాగే ఉక్కగా ఉంది. యంత్రం నడిపించి, అసలు కాగితం చించేసి, ఇది గీశాడు.

“రెండేళ్ళుంది నా సర్వీసు. ఒక్క పూటేగా, టీకాలకేం కాదులే.”

“కాదని మీకు తెలుసా?”

ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

“సరే, గీశారు. నా సంతకం ఎందుకు పెట్టారు?”

“నీ సంతకముంటే ఎవరూ రెండోసారి చూడరమ్మా.”

ఆ మాట నాకు చెబుతున్నప్పుడు అక్క గొంతులో కోపం లేదు. “పొగిడినట్టే అన్నాడే” అంది. అలా అని చాలాసేపు చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. ఇరవై రెండేళ్ళు ఒక్క వారం తప్పకుండా కూడబెట్టిన నమ్మకాన్ని, నమ్మమని నేర్పినవాడే పనిముట్టుగా వాడుకున్నాడు. రేపు ఏ పసిబిడ్డకో టీకా పనిచేయకపోతే వేలెత్తి చూపేది ఆ మూలనున్న సంతకాన్నే. అది ఆయనకు తట్టలేదా? తట్టే పెట్టాడా? ఆ ప్రశ్న అక్క ఆయన్ని అడగలేదు. ఏ జవాబు వచ్చినా భరించలేనని తెలిసి ఉంటుంది.

బయట బండి హారను కొట్టింది. ప్యాకింగ్ ఆయన కేకేశాడు: “గీతలమ్మా, ఎక్కించేదా?”

“వద్దు. ఒక్క పెట్టె కూడా ఎక్కించకండి.”

“చెల్లెమ్మా...” అన్నాడు స్టోర్‌కీపరు.

అక్క బల్ల దగ్గర కూర్చుని ఆ సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. దాని కింద, ‘ఇది ఉష్ణలేఖిని రాసినది కాదు. చేత్తో గీసినది. ఈ సంతకం నాది కాదు. సరుకు ఆపించాను’ అని రాసి, ఈసారి పూర్తి పేరు రాసింది. కాగితం పట్టుకుని పెద్దాఫీసు మెట్లెక్కింది.

టీకాలన్నీ పాడైనట్టు వారంలో తేలింది. ఆయన్ని వేరే గిడ్డంగికి పంపించారు. వెళ్ళేరోజు ఆయన ఉష్ణలేఖిని పెట్టె తాళంచెవి అప్పగించడానికి వచ్చి, చెయ్యి చాపి నిలబడ్డాడు. అక్క చెయ్యి చాపలేదు.

“బల్ల మీద పెట్టండి, సార్” అంది.