కప్ప కడుపులో సర్టిఫికెట్

ఒరిగామి అనే మాట మేం అప్పటికి వినలేదు. ములకలపల్లి మండలాఫీసులో గుమాస్తానైన నాకూ, బూర్గంపాడు దవాఖానాలో కాంపౌండరుకూ అవి ఉత్త కాగితం బొమ్మలే. ఎనభైల చివర్లో మాకు నేర్పే పుస్తకాలెక్కడివి? ఒకరు చేసిన బొమ్మను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపితే, రెండోవారు దాన్ని మడత మడతా విప్పి నేర్చుకునేవారు. కొత్త కిటుకు దొరికిన రోజు నాకు అన్నం సయించేది కాదు. ఆఫీసులో రద్దయిన ఫారాలకు కొదవ లేదు. నేను ఫైళ్ళు తప్ప అన్నీ కదిలిస్తానని మా సారు అంటుండేవారు.

మా ఇద్దరి మధ్య మడతపేచీ ఒక్కటే. బొమ్మకు చదరం కావాలి, ఫారమేమో పొడుగు. మిగిలే పట్టీని నేను లోపలికి మడిచేసేవాణ్ణి. ఆయనకు అది నచ్చదు. కట్టుగుడ్డ కోసే కత్తెరతో పట్టీని నీటుగా కోసి పారేసేవాడు.

ఒక సోమవారం పొద్దున్నే అడవి పక్క గూడెం నుంచి ఒకమ్మాయి వచ్చింది. రెండింటికి భద్రాచలంలో నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ. కుల సర్టిఫికెట్ లేనిదే లోపలికి రానివ్వరు. శనివారమే సంతకమైందని రిజిస్టరు చెబుతోంది. కట్టలో మాత్రం లేదు. మళ్ళీ సంతకం పెట్టాల్సిన సారు సెలవు మీద వెళ్ళారు.

అప్పుడు శనివారం సాయంత్రం నేను చేసి పంపిన కప్ప కళ్ళముందు గెంతింది. దాని పొట్ట కింద ఊదారంగు ముద్ర అంచు కనిపిస్తే, పాత ఫారమేలే అనుకున్నాను. సంతకం, ముద్ర ఉండేది కింది పట్టీలోనే. కప్పతో పాటు తప్పునూ కప్పేసి, రేపు రమ్మందామని ఒక్క క్షణం అనిపించింది. అది మా ఆఫీసులో అందరికీ నోటికొచ్చిన మాటే. కానీ ఆ పిల్లకు రేపు లేదు.

ఇద్దరం బూర్గంపాడు బస్సెక్కాం. దారిలో సంగతంతా చెప్పాను. ఆమె అరవలేదు.

"అంటే నా కాగితం కప్పైందా సార్?" అంది. తర్వాత, "ఆయన కోస్తడా?" అని అడిగింది.

నేను కిటికీలోంచి చెట్లు లెక్కపెట్టాను.

కాంపౌండరు బల్ల మీద కప్ప కూర్చునుంది. నాది కాదు. నాదాన్ని విప్పి, పట్టీ కోసి, మళ్ళీ చేసిన సన్నటి కప్ప. ఇంకెప్పుడైనా అయితే మెచ్చుకునేవాణ్ణి. సంగతి వినగానే ఆయన బల్ల కిందికి వంగాడు. చెత్తడబ్బా బోర్లించాం. వాడేసిన దూది మధ్య పట్టీ దొరికింది. ఒక మూల అయోడిన్ మరక, సంతకం క్షేమం. ఆయన కప్పను విప్పి, రెండు ముక్కలూ ఆనించి, వెనక దవాఖానా ప్లాస్టరు అతికించాడు. ఏ పుండుకూ అంత మెల్లగా అతికించగా నేను చూడలేదు.

"తప్పైందమ్మా," అన్నాడు. ఆమె గోడ గడియారం చూస్తోంది.

మేం భద్రాచలం చేరేసరికి పిలుపులు మొదలయ్యాయి. బల్ల వెనకున్న ఆఫీసరు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేంది? సర్టిఫికెట్‌కు కట్టు కట్టిన్రా?"

ఆమె తల దించుకుంది. నేను ముందుకెళ్ళి, మడిచింది నేనేనని చెప్పాను. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోసి, ఆ మాటే రాసి సంతకం పెట్టమన్నాడు. చదివి, దాన్ని సర్టిఫికెట్‌కు గుండుసూదితో గుచ్చాడు. చివరికి ఆమెతో, "పదిహేను రోజుల్ల కొత్తది తేవాలె. లేకుంటే సీటు పోతది. పో, కూర్చో," అన్నాడు.

సారు సెలవు నుంచి వచ్చి ముందు నాకు మెమో ఇచ్చారు, తర్వాత కొత్త సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. ఆ పిల్ల తీసుకోవడానికొస్తే, నేను అలవాటుగా దాన్ని కవరులో పెడదామని రెండు మూలలూ దగ్గరికి తెచ్చాను.

"మడవొద్దు సార్. గట్లనే ఇయ్యండి," అందామె.

రెండు చేతుల మీద పరుచుకుని, గాలికి ఎగరకుండా బొటనవేళ్ళతో అదిమిపట్టి, బస్సు దాకా అట్లాగే నడిచి వెళ్ళింది.